లేచిపోయిందన్న మాట

పోయిన శుక్రవారం నరసాపురం బస్టాండులో మా పాత వీధి ఆవిడ ఒకావిడ కనబడింది. ఎలా ఉన్నావంటే ఎలా ఉన్నావనుకున్నాక, "తెలుసా, ఈగలావిడ పోయిందంట" అంది. ఎవరో నాకు తట్టలేదనుకుంది. "అదేనే, మీ పక్కింటావిడ. కూతురు లేచిపోయింది చూడూ, ఆవిడ" అని గుర్తు చెప్పింది.

నా చేతిలో కూరగాయల సంచి ఉంది. దాన్ని ఆవిడ మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. "అయ్యో" అన్నాను. బస్సెక్కి కూర్చున్నాక ఆవిడ మీద కన్నా నా మీద నాకే ఎక్కువ ఒళ్ళు మండింది. ఒక మనిషి చచ్చిపోయినా గుర్తు చెప్పడానికి ఆ మాటే దొరికింది. ఆ మాట అబద్ధం. అది అబద్ధమని తెలిసినవాళ్ళలో నేనొకదాన్ని.

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. దీన్ని ఎలా మొదలుపెట్టాలో తెలీక రెండు కాగితాలు చింపేశాను. కోపంగా ఉన్నప్పుడు రాయకమ్మా అంది మా అమ్మాయి. కోపం తగ్గితే నేను రాయను, నా సంగతి నాకు తెలుసు. ఆవిడ పేరు మాత్రం రాయడం లేదు. ఆవిడ కూతురు బతికి ఉంది, పిల్లల్ని బడికి పంపుకుంటోంది. ఆ పిల్లలు ఎక్కడైనా చదివి బాధపడకూడదు.

నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని. నాకు పెళ్ళై ఆ వీధికి వెళ్ళేసరికి ఆవిడకి నలభై దాటాయి. మా వీధిలో ఆడవాళ్ళందరం లేసు అల్లేవాళ్ళం. పొద్దున్న వంటయ్యాక అరుగుల మీద కూర్చుంటే మళ్ళీ లేచేది భోజనాలకే. అందరం పని అయ్యాక లేసు సూదిని దారపు ఉండలో గుచ్చి దాచుకునేవాళ్ళం. ఆవిడ ముడిలో గుచ్చుకునేది. ఎప్పుడు చూసినా ముడిలోంచి ఇనప సూది కొక్కెం బయటికి కనబడుతూ ఉండేది. "ఎవరికైనా గుచ్చుకుంటదండీ" అంటే, "దగ్గరికొస్తే గుచ్చుకుంటది. రావొద్దు" అనేది.

అలాంటి మనిషి. మెత్తగా మాట్లాడ్డం రాదు.

ఆవిడ పెరట్లో కొబ్బరి చెట్ల కింద నాలుగు తేనెటీగల పెట్టెలుండేవి. అంతకు ముందెప్పుడో ఆడవాళ్ళకి తేనెటీగలు పెంచడం నేర్పుతామని ఎవరో ఆఫీసర్లు జీపులో వచ్చి, పదిమందికి తలో పెట్టె ఇచ్చి వెళ్ళారట. తొమ్మిది పెట్టెల్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఈవిడ పెట్టెలో ఈగలు నిలిచాయి. దాన్ని నాలుగు చేసుకుంది. ఇంకో ఖాళీ పెట్టె వడ్రంగి చేత చేయించి వసారాలో పెట్టుకుంది.

నన్ను మొదటిసారి పెరట్లోకి పిలిచినప్పుడు ఏమీ చెప్పలేదు. వేలి కణుపుతో పెట్టె మీద ఒక దెబ్బ కొట్టి, చెవి ఆనించింది. తర్వాత నన్ను ఆనించమంది.

"ఏం వినబడింది?"

"ఏమీ లేదు పిన్నిగారూ."

"చెవులకి కమ్మలెందుకు పెట్టుకున్నావ్? మళ్ళీ విను."

మళ్ళీ కొట్టింది. లోపల అందరూ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు 'హుస్స్' మని వచ్చి ఆగిపోయింది.

"అలా వచ్చి టక్కున ఆగిపోతే తల్లి లోపల ఉన్నట్టు. ఆగకుండా గోల పెడతానే ఉంటే తల్లి లేనట్టు."

రాణి ఈగని ఆవిడ రాణి అనేది కాదు. తల్లి అనేది. "ఏం రాణి? పొద్దస్తమానం గుడ్లు పెట్టడమే దాని పని. ఆ పని చేసేదాన్ని మనూళ్ళో రాణంటారేంటి ఎవరైనా?"

వేప, కానుగ పూతకొచ్చే రోజుల్లో ఆవిణ్ణి పట్టుకోవడం కష్టం. వారానికోసారి నాలుగు పెట్టెలూ విప్పేది. పొగ బాగా పెట్టేది కాదు, కొబ్బరి పీచు కొంచెం రాజేసి ఊదేదంతే. తేనె పట్లు ఒక్కోటీ ఎత్తి కింద అంచు చూసేది. ఈగలు ఇల్లు వదిలి వెళ్ళాలనుకుంటే చెప్పకుండా వెళ్ళవట, ముందు నుంచీ చెబుతూనే ఉంటాయట. ముందు మగ ఈగల గదులు ఎక్కువ కడతాయి. ఆ గదుల మూతల మీద సూదిమొనంత చిల్లు ఉంటుంది, దాన్ని బట్టి తెలుసుకోవచ్చు. తర్వాత పట్టు కింద అంచున వేరుశనక్కాయలా వేలాడే గదులు కడతాయి. అవి కొత్త తల్లుల గదులు. తర్వాత పని మానేసి పెట్టె గుమ్మం ముందు గడ్డంలా వేలాడతాయి. అప్పటికీ మనం చూడకపోతే తప్పు మనదే.

జీపులో వచ్చినాయన ఆ గదుల్ని గిల్లేస్తే చాలని చెప్పి వెళ్ళాడట. ఆవిడ ముడిలో సూది తీసి, ఆ కొక్కెంతో ఒక్కో గదినీ పట్టు చెదరకుండా తీసేసేది. తీస్తూనే ఆయన్ని తిట్టేది.

"గిల్లమన్నాడు. ఎందుకు కట్టాయో చూడమని చెప్పాడా? లోపల నిలబడ్డానికి చోటు లేదు. చోటివ్వకుండా గదులు గిల్లితే వారానికి మళ్ళీ కడతాయి. ఒకటి మన కంట పడదు. అయిపోయింది."

అందుకే ఆవిడ మరీ నిండిపోయిన పెట్టెకి ఇంకో పని చేసేది. ఖాళీ పెట్టె తెచ్చి పక్కన పెట్టి, తల్లినీ, సగం పట్లనీ, సగం ఈగల్నీ తీసి అందులో పెట్టేది. పాత పెట్టెలో ఒక్క మంచి గదిని గిల్లకుండా వదిలేది. కొత్త తల్లి పుట్టి ఆ ఇల్లు చూసుకుంటుంది.

"ఎలాగూ వెళ్తాయని తెలిసినప్పుడు మనమే పంపాలి. మనం పంపితే పక్క పెట్టెలోకెళ్తాయి. పంపకపోతే వీధిలోకెళ్తాయి. అంతే తేడా."

ఈ మాట నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. నేను అప్పుడు ఈగల గురించే అనుకున్నాను. ఆవిడా ఈగల గురించే అంది.

ఒక ఏడాది పూతల కాలంలో ఆవిడ చెల్లెలికి ఒంట్లో బాగాలేక మొగల్తూరు వెళ్ళి పన్నెండు రోజులుంది. తిరిగి వచ్చి చూస్తే ఒక పెట్టె ముందు ఈగలు గడ్డంలా వేలాడుతున్నాయి. పరుగెత్తుకుని వసారాలోకి వెళ్ళి ఖాళీ పెట్టె మూత తీసింది. అందులో సైకిలు ట్యూబులున్నాయి. ఆవిడ భర్తకి బస్టాండు దగ్గర సైకిలు షాపు. ఖాళీగా ఉంది కదా అని పాత ట్యూబులూ, పెడళ్ళూ, గ్రీజు డబ్బా అన్నీ అందులో పడేశాడు. పెట్టె అంతా గ్రీజు వాసన. ఆ వాసనలో ఈగ నిలవదు.

ఆవిడ దాన్ని నూతి దగ్గర పెట్టి కుంకుడుకాయ రసంతో తోముతుండగానే ఈగలు లేచాయి. పెరడంతా చీకటి కమ్మినట్టయింది. ఇంజను చప్పుడులా ఉంది. అవి వీధి దాటి వెళ్ళి, ఎదురు వరసలో గృహప్రవేశం జరుగుతున్న ఇంటి పందిరి గుంజకి గుమ్మడికాయంత గుత్తిగా వేలాడాయి. భోజనాలకి కూర్చున్నవాళ్ళు విస్తళ్ళు వదిలేసి లేచిపోయారు. కొత్తింట్లోకి అడుగుపెట్టిన పూటే ఇదేం అరిష్టమని ఇంటావిడ ఏడుపు మొదలుపెట్టింది. కిరసనాయిలు గుడ్డలు తెమ్మని ఎవరో కేకేశారు.

ఆవిడ చేతిలో బుట్టా, తడి గుడ్డా పట్టుకుని వెళ్ళింది. నేనూ వెనకాల వెళ్ళాను. "కుట్టవండీ. పొట్టనిండా తేనె తాగి బయల్దేరాయి, వంగలేవు" అంటూ స్టూలెక్కి, ఆ గుత్తిలో చెయ్యి పెట్టి, పిండి తీసినట్టు తీసి బుట్టలో వేసుకుంది. ఒక్క ఈగా కుట్టలేదు.

పందిట్లో ఒక పెద్దాయన, వరసకి ఆవిడ భర్తకి అన్నగారు, నవ్వుతూ అన్నాడు: "ఏంటమ్మా, మీ ఇంట్లో ఈగలు కూడా లేచిపోతన్నాయి? ఇంట్లో ఎదిగిన పిల్లుంది, జాగ్రత్త."

అందరూ నవ్వారు. ఆవిడ భర్తా అక్కడే ఉన్నాడు. ఆయనా నవ్వబోయి ఆగాడు.

ఆవిడ బుట్ట మీద గుడ్డ కప్పి, స్టూలు దిగి, ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"లేచిపోయింది కూతురు కాదండి, తల్లి. ముసల్ది. కట్టిన ఇల్లూ, దాచిన తేనే కూతురికి వదిలేసి, ఒంటి మీదున్న రెక్కల్తో బయల్దేరింది. మీరెవరైనా వదిలారా మీ పిల్లలకి ఇల్లు?"

ఆయన ఇద్దరు కొడుకుల్నీ పంపకం అడిగారని గెంటేసిన సంగతి ఊరందరికీ తెలుసు. పందిట్లో ఎవరూ నవ్వలేదు. ఆ మాట మాత్రం ఆవిడ భర్తకి గుచ్చుకుంది. అన్నగారు తనకి చేసిన అవమానం కాదు, పెళ్ళాం అన్నగారిని అన్న మాట.

మర్నాడు ఆయన ఎక్కడ వెతికాడో, అప్పట్లో పెట్టెలతో పాటు ఇచ్చిన రాణి గేటు తీశాడు. అది చిల్లుల రేకు. పెట్టె గుమ్మానికి బిగిస్తే చిన్న ఈగలు దూరి వెళ్ళగలవు, తల్లి వెళ్ళలేదు. ఆవిడ దాన్ని ఎప్పుడూ వాడలేదు. ఆయన షాపు నుంచి స్క్రూలు తెచ్చి, అన్నిటికన్నా నిండుగా ఉన్న పెట్టెకి తనే బిగించాడు. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు.

"ఇంత సుళువైన పని చెయ్యకుండా నలుగురిలో నవ్వులపాలు చేశావ్. ఇంక పొమ్మను చూద్దాం" అన్నాడు.

"లోపల చోటు లేదండి. దాన్ని పోనివ్వకపోతే కొట్టుకు చస్తాయి" అందావిడ.

"నువ్వు దాన్ని ముట్టుకున్నావంటే నాలుగు పెట్టెలూ పొయ్యిలోకే."

మూడు రోజులు మధ్యాహ్నం పూట ఈగలు లేచాయి. పెరట్లో సుడి తిరిగేవి. తల్లి రాలేదని తెలిసి మళ్ళీ వచ్చి పెట్టె ముందు వేలాడేవి. మగ ఈగలు లావు, అవి రేకులోంచి పట్టక గుమ్మం వెనకాలే చచ్చి పడ్డాయి. కంపు మొదలైంది. వారం తిరక్కుండా ఆవిడ నన్ను పిలిచి, పెట్టె మీద వేలితో కొట్టి, విను అంది. గోల ఆగలేదు. ఏడుపులా సాగుతూనే ఉంది.

విప్పి చూస్తే అడుగు పలక మీద తల్లి చచ్చి పడి ఉంది. పక్కనే కొత్తగా పుట్టిన తల్లి, రెక్క విరిగి, అదీ చచ్చింది. ఆవిడ రెంటినీ అరచేతిలో పెట్టుకుని వసారాలోకి వెళ్ళింది. ఆయన భోజనం చేస్తున్నాడు.

"పోలేదుగా? నేను చెప్పలా?" అన్నాడు.

"పోలేదండి" అంది. అరచెయ్యి ఆయన కంచం పక్కన పెట్టింది.

ఆయన కంచం జరుపుకుని తిన్నాడు.

ఆవిడకి ఒక్కతే కూతురు. ఇంటరు చదివి, నరసాపురంలో కంప్యూటరు సెంటర్లో టైపు పనికి వెళ్ళేది. ఈ ఈగల గొడవైన కొన్నాళ్ళకి, గోదావరి దాటించే పంటు మీద ఇంజను చూసుకునే అబ్బాయిని చేసుకుంటానని ఇంట్లో చెప్పింది. దాచలేదు. తల్లికీ తండ్రికీ ఎదురుగా నిలబడి చెప్పింది. వాళ్ళూ వీళ్ళూ ఒకటి కాదు. ఆయన లేచి, అన్నగారింటికి వెళ్ళి వచ్చి, వసారా పక్క గది తలుపుకి బయట గడియ బిగించాడు. నాలుగు స్క్రూలు. పిల్లని లోపల పెట్టి తాళం వేశాడు.

పగలు షాపుకి వెళ్ళాలి కదా. నన్ను పిలిచాడు.

"అమ్మా, నువ్వు ఈ గుమ్మం దగ్గర పీటేసుకుని లేసు అల్లుకో. మీ ఇంటి దగ్గర అల్లేదే కదా. కొంచెం కనిపెట్టి ఉండు, లేచిపోకుండా."

మా అత్తగారు వెళ్ళమంది. నేను వెళ్ళాను. కాదనలేదు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

రెండు రోజులు కూర్చున్నాను. లోపల్నించి ఆ పిల్ల "అక్కా, మంచినీళ్ళు" అంటే కిటికీ ఊచల్లోంచి గ్లాసు ఇచ్చేదాన్ని. "అక్కా, ఆ పువ్వు ఎన్ని కట్లు వేశావ్?" అనడిగింది ఒకసారి. నేను తప్పు అల్లాను, విప్పేయాల్సి వచ్చింది. పిన్నిగారు వంటింట్లోంచి వచ్చి వెళ్తూ నన్ను చూసేది. తిట్టినా బాగుండేది.

మూడో రోజు పొద్దున్న పదకొండు గంటలకి ఆవిడ పెరట్లోంచి వచ్చింది. చేతిలో పెట్టె చట్రాలు ఊడదీసే స్క్రూడ్రైవరు. నన్ను చూసి, "జరుగు" అంది. జరిగాను. ఒకటి తరవాత ఒకటి నాలుగు స్క్రూలూ తీసింది. తాళం తాళంలాగే ఉంది, గడియ ఊడి వచ్చింది. స్క్రూలు నాలుగూ కిటికీలో వరసగా పెట్టింది.

పిల్ల బయటికి వచ్చి పెరటి వైపు తిరిగింది.

"అటు కాదు" అందావిడ. "ముందు నుంచి."

"అందరూ ఉన్నారమ్మా వీధిలో."

"ఉండనీ. నేను పంపుతున్నాను. దొంగతనం కాదు."

పిల్ల కంగారులో వట్టి కాళ్ళతో మెట్లు దిగింది. ఆవిడ లోపలికెళ్ళి చెప్పులు తెచ్చి, వంగి, కూతురి కాళ్ళ ముందు పెట్టింది. చెయ్యి పట్టుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి వదిలింది. అరుగుల మీద లేసు అల్లుకుంటున్న అందరి ముందు నుంచీ ఆ పిల్ల రేవు వైపు నడుచుకుంటూ వెళ్ళింది. సూదులు ఆగాయి, మళ్ళీ కదిలాయి.

నాకు ఏదో అనాలనిపించి, "మీరు ఈగల్ని పంపినట్టే పంపారు పిన్నిగారూ" అన్నాను.

"నా కూతురు ఈగ కాదు" అంది. "ఈగకి చెప్పులక్కర్లేదు."

మధ్యాహ్నం ఆయన అన్నగారితో వచ్చాడు. ఊడిన గడియ చూశాడు. "నేనే తీశాను" అందావిడ. "నోర్ముయ్. కూతుర్ని వెనకేసుకురాకు" అన్నాడు. నా వైపు తిరిగాడు.

"నువ్విక్కడే ఉన్నావుగా. ఎవరు తీశారు?"

మా అత్తగారు మా గోడ మీంచి నన్నే చూస్తోంది. వీధంతా వింటోంది. నిజం చెబితే నువ్వెందుకు ఆపలేదంటారు. నేను అన్నాను: "నేను చూడలేదండీ. నీళ్ళకెళ్ళాను."

"చూశావా అన్నయ్యా" అన్నాడు. "మనిషి నీళ్ళకెళ్ళే దాకా కాచుకుని లేచిపోయింది."

అయిపోయింది. అక్కడ పుట్టింది ఆ మాట. చెయ్యి పట్టుకుని పంపడం చూసిన వీధి వీధంతా సాయంత్రానికి లేచిపోయిందంటోంది. ఆ మాట పుట్టింది నా నోట్లోంచి వచ్చిన అబద్ధంలో.

మర్నాడు కుళాయి దగ్గర ఆవిడ నా పక్కన నిలబడింది.

"నీళ్ళకెళ్ళావా నిన్న?"

నేను తలొంచుకున్నాను.

"మరి నిన్న చేతిలో బిందె ఏదే? ఇంట్లో అడగలేదా ఎవరూ?"

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఆవిడ కూడా వెళ్ళిపోయింది. ముందురోజు మునిమాపు వేళ ఈగలన్నీ లోపలికి చేరాక ఒక పెట్టె గుమ్మం గుడ్డతో మూసింది. ఒక పెట్టె మా పెరట్లో పెట్టింది. "వారానికోసారి కింద అంచు చూడు. చోటివ్వు" అంది. తెల్లవారి మొదటి పంటుకి, ఒళ్ళో పెట్టె పెట్టుకుని, అవతలి ఒడ్డున ఉన్న కూతురి ఊరికి వెళ్ళింది. చెల్లెలికి బాగాలేక వెళ్ళిందని ఆయన అందరితో చెప్పాడు. ఆ చెల్లెలికి ఎన్నేళ్ళైనా నయం కాలేదు.

బస్టాండులో కబురు విన్న రెండో రోజు నేను సైకిలు షాపుకి వెళ్ళాను. ఇప్పుడు సగం షాపు సెల్ ఫోను కార్డులు. ఆయన ముసలివాడయ్యాడు, కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"వెళ్ళొచ్చారా బాబాయిగారూ?" అన్నాను.

"కబురు రాలేదమ్మా."

"ఊరందరికీ వచ్చిందండీ." తర్వాత ఇన్నేళ్ళూ గొంతులో ఉన్నది చెప్పాను. "ఆ రోజు నేను నీళ్ళకెళ్ళలేదండీ. గడియ పిన్నిగారే తీశారు. ముందు గుమ్మం నుంచి పంపారు. నేను చూశాను."

ఆయన ఆశ్చర్యపోలేదు.

"తెలుసు" అన్నాడు. "కిటికీలో స్క్రూలు వరసగా ఉన్నాయి. పారిపోయేది వరసగా పెడుతుందా?"

"తెలిసే లేచిపోయిందన్నారా?"

"కూతురు లేచిపోయిందంటే పాపం తండ్రి అంటారు. పెళ్ళాం తలుపు తీసి పంపిందంటే నవ్వుతారు. నలుగురిలో తిరగాల్సినోణ్ణి నేను." నా మొహం చూసి, "నువ్వూ బాగానే చెప్పావులే ఆ రోజు. మేలు చేశావు" అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను పిరికిదాన్నని ఏడ్చుకున్నాను. నేను ఆయనకి మేలు చేశానని నాకు తెలీదు. ఆయన బిగించిన నాలుగు స్క్రూలకి ఐదోది నేను అందించాను.

ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ ఇచ్చిన ఒక్క పెట్టె ఇప్పుడు మూడు పెట్టెలయింది. వేలితో కొట్టి చెవి ఆనించాను. హుస్స్ మని వచ్చి ఆగింది. ఆ తర్వాత కాగితాలు తీశాను.

ఇది చదివేవాళ్ళలో మా పాత వీధివాళ్ళు ఉంటే వినండి. ఆ ఇంట్లోంచి ఎవరూ లేచిపోలేదు. పగలు పదకొండు గంటలకి ఒక తల్లి నాలుగు స్క్రూలు తీసి, కూతురి కాళ్ళ ముందు చెప్పులు పెట్టి, ముందు గుమ్మంలోంచి పంపింది. మీరు అరుగుల మీద ఉన్నారు. నేను పీట మీద ఉన్నాను. మనందరం చూశాం.